ప్రమాద పరిహారం: ఆలస్యం కోర్టు మెట్లు ఎక్కకముందే మొదలవుతుంది

రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్ల పరిహారం కేసు ఏళ్ల తరబడి తేలకపోతే 'కోర్టు వ్యవహారమంటే అంతే' అని సరిపెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ మాటలో అబద్ధం లేదు. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. 2022-23 నాటికి తేలకుండా ఉన్న క్లెయిములు 10 లక్షలు దాటాయని, వాటి విలువ 80 వేల కోట్ల రూపాయలకు పైమాటేనని సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబులో బయటపడింది. ఇంత భారం మోసే ట్రిబ్యునళ్లు చురుగ్గా నడవాలంటే కష్టమే.

అయినా ఒక్కో కేసు కట్ట విప్పి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఏళ్లు పట్టిన చాలా కేసుల్లో చిక్కుముడి మొదటి మూడు నెలల్లోనే పడింది. ఆసుపత్రిలో రాయించిన తప్పు వాక్యం, పోలీస్ స్టేషన్ బయట జరిగిన రాజీ, యజమాని పాత చిరునామా, పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు. ఇలాంటివే రెండు మూడేళ్ల తర్వాత వాయిదాలుగా తిరిగొస్తాయి. కోర్టు వేగం బాధితుడి చేతిలో లేదు. ఈ మూడు నెలలు మాత్రం చాలావరకు అతని కుటుంబం చేతిలో ఉంటాయి.

ఈ కేసుల్ని మోటారు వాహనాల చట్టం, 1988 కింద ఏర్పాటైన మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ వింటుంది. జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి దానికి అధిపతి. తెలుగు రాష్ట్రాల్లో ఈ పిటిషన్లకు ఎం.వి.ఓ.పి. (మోటారు వెహికల్ ఒరిజినల్ పిటిషన్) నంబరు పడుతుంది కాబట్టి కక్షిదారులు 'ఓపీ వేశాం' అంటారు. గుద్దిన వాహనం యజమాని, బీమా కంపెనీ ప్రతివాదులుగా ఉంటారు, డ్రైవరునూ చేరుస్తారు. ఆ డ్రైవరు నిర్లక్ష్యంగా నడిపాడని, ఈ గాయం ఆ ప్రమాదంలోదేనని, దానివల్ల ఇంత నష్టం జరిగిందని చూపాలి. క్రిమినల్ కేసులోలాగా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు. జరిగే అవకాశం ఎటువైపు ఎక్కువగా ఉందో చూస్తే చాలని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. రుజువు ప్రమాణం ఇంత తేలికగా ఉన్నా కేసులు నత్తనడక నడవడానికి కారణం, ఉన్న కాగితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం.

ఆ పొసగకపోవడం తరచుగా ఆసుపత్రి క్యాజువాలిటీలో మొదలవుతుంది. గాయపడిన మనిషిని స్ట్రెచర్ మీద లోపలికి తెచ్చినప్పుడు డ్యూటీ డాక్టరు 'ఎలా జరిగింది?' అని అడుగుతారు. వెంట వచ్చినవాళ్లు పోలీసు కేసంటే భయపడో, గుద్దిన కారు యజమాని 'ఖర్చంతా నేనే పెట్టుకుంటాను' అంటే నమ్మో, 'బండి జారి పడ్డాడండీ' అనేస్తారు. ఆ వాక్యం మెడికో లీగల్ కేసు రిజిస్టరులోకి, అక్కణ్నుంచి కేస్ షీటులోకి చేరుతుంది. పది రోజుల తర్వాత, యజమాని ఫోను ఎత్తడం మానేశాక, కారు గుద్దిందని ఫిర్యాదు ఇస్తారు. అప్పటికి రెండు కథలున్నాయి. ట్రిబ్యునల్లో బీమా కంపెనీ వకీలు మొదట బయటికి తీసేది ఆ కేస్ షీటునే. దాన్ని సరిదిద్దడానికి డాక్టర్ని పిలవాలి, చూసిన సాక్షిని పిలవాలి, ఫిర్యాదు ఆలస్యమెందుకైందో చెప్పాలి. ఒక్కో పనికి కొన్ని వాయిదాలు. క్యాజువాలిటీలో నిజం చెప్పి ఉంటే ఇవేవీ ఉండేవి కావు.

వాహనం నంబరు తెలిస్తే నంబరు, తెలియకపోతే రంగు, రకం, ఎటునుంచి ఎటు పోయిందో డాక్టరుకు చెప్పి రాయించాలి. డిశ్చార్జి రోజున సమ్మరీలో 'రోడ్డు ప్రమాదం' అన్న మాట, తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. తప్పుంటే ఆ రోజే దిద్దించుకోవచ్చు, ఏడాది తర్వాత ఎవరూ ముట్టుకోరు. డబ్బు భయంతో నిజం దాచేవాళ్లకు ఇప్పుడు కొంత ఊరట ఉంది. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా చికిత్స అందుతుంది. అందులో పోలీసుల ధ్రువీకరణ కూడా ఒక భాగమే. అంటే ప్రమాదాన్ని ప్రమాదంగా నమోదు చేయించుకున్నవాళ్లకే దాని మేలు దక్కుతుంది.

మన దగ్గర ఇంకో చిక్కు పేర్లది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఆసుపత్రి బిల్లులో వెనుక, ఎఫ్‌ఐఆర్‌లో అసలు ఇంటిపేరే ఉండదు. ఇంట్లో పిలిచే పేరుతో అడ్మిట్ చేసిన సందర్భాలూ ఉంటాయి. వయసూ అంతే. ఆసుపత్రిలో ఉజ్జాయింపుగా '30' అంటారు, ఆధార్‌లో 27 ఉంటుంది. పరిహారం లెక్క వయసును బట్టే మారుతుంది కాబట్టి ఈ తేడాను అవతలి వకీలు వదలడు. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే పుట్టిన తేదీకి అదే గట్టి ఆధారం. మొదటి రోజే ఆధార్ చూపించి అడ్మిట్ చేయిస్తే సగం గొడవ తప్పుతుంది.

తాలూకా ఆసుపత్రిలో ప్రథమ చికిత్స, జిల్లా ఆసుపత్రిలో కట్టు, హైదరాబాదులోనో విశాఖలోనో ఆపరేషను. గాయపడిన మనిషి ఇలా మూడు చోట్ల తిరగడం మామూలే. గాయాల ధ్రువపత్రం మొదటి ఆసుపత్రి ఇస్తుంది, పెద్ద బిల్లులు మూడోదాంట్లో ఉంటాయి. రెండింటికీ నడుమ ఉన్న రెఫరల్ చీటీ పోతే ఈ గాయమూ ఆ ఆపరేషనూ ఒకదానికొకటి చెందినవేనా అన్న ప్రశ్న లేస్తుంది. చిన్న చీటీలే పెద్ద అడ్డంకులవుతాయి. ఎస్టిమేట్ కాగితం బిల్లు కాదు, రశీదు కావాలి. మందుల బిల్లుకు డాక్టరు చీటీ తోడుండాలి. ఎక్స్‌రే, స్కాన్ రిపోర్టులతోపాటు ఫిల్ములు కూడా దాచాలి, ఎందుకంటే రేపు వైకల్యం గురించి చెప్పే డాక్టరు చూడాలనేది వాటినే.

ఇక పోలీస్ స్టేషన్. ఊళ్లో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఇరవై వేలో ముప్పై వేలో ఇప్పించి 'కేసు వద్దు' అనిపించే రాజీ ఇప్పటికీ చాలాచోట్ల జరుగుతోంది. గుద్దినవాడు కూడా పేదవాడే అయితే జాలి పడటం సహజం. కానీ ఇక్కడ తెలియక జరిగే నష్టం ఒకటుంది. బీమా ఉన్న వాహనమైతే పరిహారం కట్టేది ఆ డ్రైవరు కాదు, కంపెనీ. కేసు పెట్టకపోవడం వల్ల డ్రైవరుకు క్రిమినల్ కేసు తప్పుతుందేమో గానీ గాయపడిన మనిషికి బీమా సొమ్ముకు ఉన్న దారి మూసుకుపోతుంది. రెండు నెలల తర్వాత రాడ్డు వేసిన కాలు అతకలేదని తెలిసినప్పుడు ఆ ఇరవై వేలు ఎందుకూ పనికిరావు.

ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమ్ కొట్టేయకూడదని రవి వర్సెస్ బద్రినారాయణ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇంట్లో మనిషి ప్రాణాపాయంలో ఉంటే ముందు ఆసుపత్రికే పరుగెత్తుతారు, పోలీసుల దగ్గరికి కాదని ఆ తీర్పు గుర్తించింది. కాబట్టి ఆలస్యమైందని వెనక్కి తగ్గనక్కర్లేదు. ఎందుకు ఆలస్యమైందో ఆ ఫిర్యాదులోనే ఒక వాక్యంలో రాయించాలి. పరిధి కాదని పంపేయడం కూడా ఇప్పుడు కుదరదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, ప్రతి ఉచితంగా ఇవ్వాలి. సంగారెడ్డి దగ్గర ప్రమాదమై నిమ్స్‌లో ఉన్న మనిషి బంధువులు అందుకోసమే వెనక్కి ప్రయాణం చేయనక్కర్లేదు.

నిజానికి కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి తెచ్చిన నిబంధనలు పరిహారం బరువును చాలావరకు పోలీసుల మీదే పెట్టాయి. ప్రమాదం తెలిసిన 48 గంటల్లో దర్యాప్తు అధికారి మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కూ బీమా కంపెనీకీ పంపాలి. పది రోజుల్లో బాధితుడి హక్కులు వివరించే పత్రం అతనికివ్వాలి. డ్రైవరు, యజమాని తమ వివరాలను 30 రోజుల్లో, బాధితుడు తన ఫారాన్ని 60 రోజుల్లో అధికారికి అందించాలి. 50 రోజులకు మధ్యంతర నివేదిక, 90 రోజులకు సమగ్ర నివేదిక. మోటారు వాహనాల చట్టంలోని 166(4) సెక్షన్ ప్రకారం పోలీసులు పంపిన నివేదికనే ట్రిబ్యునల్ క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకోవాలి. ఢిల్లీ హైకోర్టులో రాజేశ్ త్యాగి కేసు ద్వారా రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. 2022 డిసెంబరులో గోహర్ మొహమ్మద్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు దీన్ని దేశమంతా అమలు చేయాలని, స్టేషన్లలో ఇందుకోసం ప్రత్యేక విభాగం ఉండాలని ఆదేశించింది.

ఈ ఏర్పాటు ఎంత మంచిదో అంతగా జనానికి తెలియదు. బందోబస్తులతో, ఇతర కేసులతో తలమునకలయ్యే స్టేషన్లో 90 రోజుల గడువు దానంతటదే నిలబడదు. అడిగేవాళ్లుంటేనే ఫైలు కదులుతుంది. బాధితుడు పూర్తి చేయాల్సిన ఆరో నంబరు ఫారాన్ని అడిగి తీసుకుని, బిల్లులు, ఆదాయ రుజువులు, బ్యాంకు వివరాలు జతచేసి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవడం కుటుంబం చేయగల పని. ఆ ఫారం వెళ్లకపోతే సమగ్ర నివేదికలో గాయపడిన మనిషి నష్టం గురించి ఏమీ ఉండదు, కంపెనీ లెక్కవేయడానికి ఆధారమూ ఉండదు. తీవ్ర గాయాలతో చికిత్స కొనసాగుతుంటే దర్యాప్తు అధికారి ట్రిబ్యునల్‌ను అదనపు గడువు కోరే వీలు కూడా నిబంధనల్లో ఉంది.

ఎఫ్‌ఐఆర్, ఘటనా స్థలి పంచనామా, రఫ్ స్కెచ్, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ నివేదిక, చార్జిషీటు. ఈ అయిదూ వచ్చిన కొద్దీ తీసిపెట్టుకోవాలి. చార్జిషీటు వేశాక క్రిమినల్ కేసు ముగిసేదాకా ఆగాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. రెండు కేసులూ వేర్వేరు దారుల్లో నడుస్తాయి. డ్రైవరును క్రిమినల్ కోర్టు నిర్దోషిగా వదిలేసినా పరిహారం కేసు దానివల్లే పడిపోదు. ఈ అపోహ వల్లే రెండు మూడేళ్లు ఊరికే పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

ట్రిబ్యునల్లో కేసు నంబరు పడ్డాక కాలం ఎక్కువగా హరించేది నోటీసులే. 'ప్రతివాది ఆ చిరునామాలో లేడు' అని నోటీసు వెనక్కి వస్తుంది. మళ్లీ చిరునామా, మళ్లీ రిజిస్టర్డ్ పోస్టు, చివరికి పేపరు ప్రకటన. సెకండ్ హ్యాండ్ కార్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. కారు ముగ్గురి చేతులు మారి ఉంటుంది, ఆర్‌సీ మాత్రం మొదటివాడి పేరుతోనే ఉంటుంది. చట్టం దృష్టిలో రిజిస్టరులో పేరున్నవాడే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి కొన్నవాడి కోసం వెతుకుతూ కూర్చోకుండా ఆర్‌సీలో ఉన్న మనిషిని ప్రతివాదిగా చేర్చాలి, అనుమానముంటే ఇద్దర్నీ చేర్చాలి. వాహనం, యజమాని వివరాలు పరిహారం కోరేవాళ్లకు ఇవ్వాల్సిన బాధ్యత రవాణా శాఖకూ స్టేషన్ అధికారికీ ఉందని 160వ సెక్షన్ చెబుతోంది. పరివాహన్ పోర్టల్లో నంబరు కొడితే బీమా ఎప్పటిదాకా ఉందో చాలావరకు తెలుస్తుంది. పాలసీ నంబరు, జారీచేసిన కార్యాలయం పిటిషన్‌లో తప్పు పడితే 'ఆ పాలసీ మాది కాదు' అన్న ఒక్క జవాబుతో నెలలు గడుస్తాయి. గుద్దింది ఆర్టీసీ సొంత బస్సయితే బీమా కంపెనీ ఉండదు, సంస్థే చెల్లిస్తుంది. అద్దె బస్సయితే దానికి బీమా ఉంటుంది, ఆ కంపెనీనీ చేర్చాలి. ఈ తేడా బస్సు నంబరుతో డిపోలో అడిగినా తెలిసిపోతుంది.

డ్రైవరుకు సరైన లైసెన్సు లేదన్న వాదన కూడా కేసును సాగదీసేదే. ఇది యజమానికీ కంపెనీకీ మధ్య తగాదా. గాయపడిన మూడో మనిషిని దానికోసం ఆపకుండా, ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలన్న సూత్రాన్ని 2004లో స్వరణ్ సింగ్ కేసు నిలబెట్టింది. తేలికపాటి వాహనాల లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపవచ్చని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చడంతో టాటా ఏస్‌లు, ట్యాక్సీల కేసుల్లో లేచే చాలా అభ్యంతరాలకు తెరపడింది.

పిటిషన్ ఎప్పుడు వేయాలన్నది అసలు ప్రశ్న. 1988 చట్టంలో ఆరు నెలల గడువు ఉండేది, 1994లో దాన్ని తీసేశారు. దాదాపు మూడు దశాబ్దాలు గడువన్నదే లేకపోవడంతో 'ఎప్పుడైనా వేయొచ్చు' అన్న మాట జనంలో పాతుకుపోయింది. 2019 సవరణ ఆరు నెలల గడువును తిరిగి తెచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. దీన్ని సవాలు చేసిన పిటిషన్లు వింటూ, గడువు దాటిందన్న కారణంతో క్లెయిములు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మధ్యంతర ఉత్తర్వు తుది తీర్పు కాదు. దాన్ని నమ్ముకుని నిదానించడం ప్రమాదకరం.

గడువు సంగతి పక్కన పెట్టినా వెంటనే వేయడానికి ఇంకో బలమైన కారణం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 171వ సెక్షన్ ప్రకారం వడ్డీ, క్లెయిమ్ దాఖలు చేసిన తేదీకి ముందునుంచి రాదు. ట్రిబ్యునళ్లు మామూలుగా పిటిషన్ తేదీ నుంచి 6 నుంచి 9 శాతం మధ్య సాధారణ వడ్డీ ఇస్తాయి. అంటే కోర్టులో జరిగే ఆలస్యానికి కొంతైనా మూల్యం కంపెనీ చెల్లిస్తుంది. పిటిషన్ వేయకుండా ఇంట్లో గడిపిన కాలానికి ఎవరూ చెల్లించరు. 10 లక్షల పరిహారం మీద 7.5 శాతం చొప్పున ఏడాదికి 75,000 రూపాయలు.

ఎక్కడ వేయాలన్నదాంట్లో చట్టం ఉదారంగానే ఉంది. ప్రమాదం జరిగిన చోట, బాధితుడు నివసించే లేదా పనిచేసే చోట, ప్రతివాది ఉండే చోట, ఎక్కడైనా వేయవచ్చు. చెన్నై హైవే మీద గాయపడిన నెల్లూరు మనిషి నెల్లూరులోనే వేసుకోవచ్చు. ఆసుపత్రి గేటు దగ్గర తిరిగే దళారి ఒకడు, ఊళ్లో తెలిసిన వకీలు ఒకరు వేర్వేరు చోట్ల రెండు పిటిషన్లు వేయించే సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు ఒకదాన్ని మరోదానికి బదిలీ చేసేదాకా రెండూ ఆగిపోతాయి. మంచం మీద ఉన్న మనిషి చేత ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకునేవాళ్లను దగ్గరికి రానివ్వకూడదు. వచ్చే పరిహారంలో ఇంత శాతమని వకీలు ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ఫీజు పెట్టుకోలేనివాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలు దొరుకుతారు.

ఇంతవరకూ చెప్పిందంతా తొందర గురించి. ఒక్కచోట మాత్రం తొందర చేటు. పిటిషన్ త్వరగా వేయాలి, కానీ చికిత్స ఒక దశకు చేరకముందే కేసు ముగించకూడదు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్ల నష్టపోయేవాళ్లు ఎక్కువ. పూర్తి నష్టం తేలాక వేద్దామని కొందరు పిటిషన్‌నే ఆపుతారు. ఆలస్యం భరించలేక ఇంకొందరు మొదటి ఆఫర్‌కే సంతకం పెడతారు. 2002లో నాగప్ప కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఈ రెండు వైపులకూ జవాబిచ్చింది. పిటిషన్‌లో అడిగిన దానికంటే ఎక్కువ ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని అది చెప్పింది. కాబట్టి అంకె తెలియలేదని ఆగాల్సిన పని లేదు, తర్వాత సవరించుకోవచ్చు. అదే తీర్పు ఇంకో మాటా చెప్పింది: తుది అవార్డు, అంటే ట్రిబ్యునల్ ఇచ్చే పరిహార తీర్పు, వచ్చాక తర్వాతి చికిత్స కోసం మళ్లీ అడిగే ఏర్పాటు చట్టంలో లేదు. రెండేళ్ల తర్వాత రాడ్డు తీయించాల్సి ఉంటే ఆ ఖర్చు ఇప్పుడే డాక్టరు చేత రాయించి లెక్కలో పెట్టాలి.

తొందరపడితే ఎంత పోతుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. నెలకు 15,000 రూపాయలు సంపాదించే 30 ఏళ్ల ట్యాక్సీ డ్రైవరు అనుకుందాం. సొంతంగా బతికే 40 ఏళ్ల లోపువారికి భవిష్యత్ ఆదాయం కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసు చెప్పింది. గాయాల కేసుల్లోనూ ఇది వర్తిస్తుందని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నెలకు 21,000, ఏడాదికి 2,52,000. సరళా వర్మ తీర్పు పట్టిక ప్రకారం 26 నుంచి 30 ఏళ్ల వారికి గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చించే అంకె, 17. సంపాదన శక్తి 20 శాతం తగ్గిందని తేలితే 8,56,800 రూపాయలు, 40 శాతమని తేలితే 17,13,600. చికిత్స ఖర్చు, బాధకు ఇచ్చే మొత్తం వీటికి అదనం. కాలు ఎంత కుదురుకుంటుందో తెలియని ఆరో నెలలో రెండు లక్షలకు సంతకం పెట్టిన మనిషి ఎంత వదులుకున్నాడో ఈ అంకెలే చెబుతాయి.

ఆ శాతం ఎలా తేలుతుందన్నదే గాయాల కేసుల్లో అసలు పోరాటం. 2010 నాటి రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ తీర్పు ఇక్కడ దారిచూపుతుంది. ఎడమ చేయి పోయిన మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన శక్తి దాదాపు నూరు శాతం పోయినట్టే, అదే ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడవచ్చని ఆ తీర్పులో ఉదాహరణ ఉంది. సర్టిఫికెట్‌లో రాసిన వైకల్య శాతం ఒకటి, బతుకుతెరువులో జరిగిన నష్టం మరొకటి. పైగా ఆ శాతం ఒక్క కాలికి సంబంధించిందా, మొత్తం శరీరానికా అన్నది కూడా సర్టిఫికెట్‌లో స్పష్టంగా ఉండాలి. పింఛను కోసం తీసుకునే సదరం సర్టిఫికెట్‌ ఒక్కటి చూపించి ఊరుకుంటే ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు. జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తీసుకోవాలి, చికిత్స చేసిన డాక్టరు సాక్ష్యం చెప్పాలి. అన్నిటికంటే ముందు ఆ మనిషి రోజూ చేసే పని ఏమిటో, ఇప్పుడు అందులో ఏది చేయలేడో పిటిషన్‌లోనే రాయాలి. 'కూలీ' అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. మూటలు మోసే హమాలీకి, కూర్చుని ఏరే పనిచేసే కూలీకి మోకాలి గాయం ఒకే నష్టం చేయదు.

డాక్టరు సాక్ష్యం కోసమే ఏడాది గడిచిన కేసులుంటాయి. ప్రభుత్వ డాక్టరుకు బదిలీ అవుతుంది, కార్పొరేట్ ఆసుపత్రి సర్జనుకు తీరిక దొరకదు. వైద్యులకు ఇబ్బంది లేకుండా నిర్ణీత సమయం ఇచ్చి గానీ, కోర్టు నియమించే కమిషనర్ ద్వారా గానీ సాక్ష్యం నమోదు చేయవచ్చని రాజ్‌కుమార్ తీర్పే సూచించింది. వీడియో ద్వారా కూడా చెప్పించవచ్చు. దీనికి వకీలు ఒక అర్జీ వేయాలి. కక్షిదారు అడిగితేనే చాలాసార్లు ఆ అర్జీ పడుతుంది.

ఆదాయానికి కాగితం లేదని కలవరపడనక్కర్లేదు. 2004లో జరిగిన ఒక ప్రమాదంలో గాయపడిన కూలీకి రుజువు లేకపోయినా నెలకు 4,500 రూపాయల ఆదాయాన్ని 2011లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ చిన్న ఆధారమైనా వాదనను కుదిస్తుంది. ఫోన్‌పే లావాదేవీలు, మేస్త్రీ హాజరు పుస్తకం, ట్యాక్సీ యాప్ చెల్లింపుల వివరాలు, ధాన్యం అమ్మిన రశీదు పనికొస్తాయి. గల్ఫ్‌లో పనిచేస్తూ సెలవుకొచ్చి గాయపడినవాళ్లకు కాంట్రాక్టు పత్రం, ఇంటికి డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటే చాలా దూరం వెళ్లనక్కర్లేదు.

149వ సెక్షన్ ప్రకారం కంపెనీ నియమించిన అధికారి 30 రోజుల్లో ట్రిబ్యునల్ ముందు ఒక ఆఫర్ పెట్టాలి. బాధితుడు ఒప్పుకుంటే ట్రిబ్యునల్ దాన్ని నమోదు చేస్తుంది, ఆ తర్వాత 30 రోజుల్లో డబ్బు రావాలి. ఒప్పుకోకపోతే కేసు విచారణకు వెళ్తుంది, అంతే, హక్కేమీ పోదు. ఒక జాగ్రత్త అవసరం. నిర్లక్ష్యం రుజువు చేయనక్కర్లేకుండా తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ సొమ్మును తీసుకుంటే ట్రిబ్యునల్లో ఉన్న పిటిషన్ రద్దైపోతుంది. చిన్న నష్టానికి, నిర్లక్ష్యం చూపడం కష్టమైన కేసుకు ఇది మేలే. కాలు పోయిన డ్రైవరుకు కాదు. గుద్దిన వాహనం ఎవరిదో తేలకపోతే దారి వేరు, తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు ఇచ్చే పథకం ఉంది.

లోక్ అదాలత్ మంచి దారే, కానీ వైకల్యం తేలాకే. అక్కడ కుదిరిన ఒప్పందం మీద అప్పీలు ఉండదు. అదే దాని బలం కూడా, కంపెనీ హైకోర్టుకు వెళ్లి మరో అయిదేళ్లు లాగే వీలుండదు. కేసు పూర్తి బలంతో ఉంటే ఎంత వస్తుందో పైన వేసిన లెక్కలాంటిది చేతిలో పెట్టుకుని కూర్చుంటే, అప్పీలు తప్పించుకోవడానికి ఎంత తగ్గవచ్చో కుటుంబమే నిర్ణయించుకోగలదు. లెక్క తెలియకుండా కూర్చుంటే అవతలివాళ్లు చెప్పిందే లెక్క అవుతుంది.

వాయిదాల సంగతి క్లుప్తంగా. పిటిషనరు సాక్ష్యం చెప్పాల్సిన రోజు రాకపోతే కేసు డిఫాల్ట్‌లో కొట్టేస్తారు. దాన్ని తిరిగి తెరిపించడానికి ఇంకో అర్జీ, దానికి మళ్లీ నోటీసులు, అందులోనే నెలలు పోతాయి. ఇ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు వేసి తర్వాతి తేదీ ఎవరైనా చూసుకోవచ్చు, వకీలు గుమాస్తా ఫోను కోసం ఎదురుచూడనక్కర్లేదు. కేసు నడుస్తుండగా గాయపడిన మనిషి చనిపోతే, ఏ కారణంతో చనిపోయినా, అతని హక్కు వారసులకు దక్కుతుందని 2019 సవరణ చెప్పింది. ఆ సందర్భంలో వారసుల్ని వెంటనే చేర్చాలి.

అవార్డు వచ్చాక 30 రోజుల్లో కంపెనీ సొమ్ము జమచేయాలి. అప్పీలుకు 90 రోజుల గడువు, వివాదంలో ఉన్న మొత్తం లక్ష లోపయితే అప్పీలే లేదు. పరిహారం తక్కువైందనుకుంటే బాధితుడు కూడా హైకోర్టుకు వెళ్లవచ్చు. కంపెనీ అప్పీలు వేసిందని తెలియగానే, జమైన సొమ్ములో కొంత తీసుకునేందుకు అనుమతి కోరాలి.

సొమ్ము జమైనా చేతికి అందని కేసులు కూడా తక్కువేమీ కాదు. గుజరాత్‌కు చెందిన ఒక విశ్రాంత జిల్లా జడ్జి రాసిన ఉత్తరంతో, ట్రిబ్యునళ్లలో ఎవరూ తీసుకోకుండా పెద్ద మొత్తాలు పడి ఉన్నాయని సుప్రీంకోర్టు దృష్టికి వచ్చింది. కేసు ఇంత కాలం సాగేసరికి చిరునామా మారుతుంది, ఫోను నంబరు మారుతుంది, పనికోసం కుటుంబం బెంగళూరుకో ముంబైకో వెళ్లిపోతుంది. పిటిషన్ వేసేటప్పుడే బ్యాంకు ఖాతా, ఆధార్, పాన్ వివరాలు తీసుకుని, డబ్బు నేరుగా ఖాతాకు వెళ్లేలా చూడాలని 2025 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఖాతా మారినా, ఊరు మారినా వకీలు ద్వారా ఒక మెమో వేయించి కొత్త వివరాలు ఫైలులో చేర్పించాలి. ఒక పేజీ కాగితం అది, అవార్డు రాకముందు ఏ వాయిదా రోజైనా ఇవ్వవచ్చు.